హిమాలయ ట్రెక్‌కు పడక సామాను ఎలా ఎంచుకోవాలి?

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్ళే కుర్రవాళ్ళు బయలుదేరే ముందు నన్ను బూట్ల గురించే అడుగుతారు. తిరిగి వచ్చాక మాత్రం వణుకుతూ తెల్లవార్చిన రాత్రుల గురించి చెబుతారు. పన్నెండేళ్ళుగా హిమాలయాలకు వెళ్ళి వస్తూ ఈ కథను విని విని విసిగిపోయాను కనుక, పడక సామాను ఎంచుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదట, మీరు పడుకోబోయేది గుడారంలోనా, గదిలోనా అన్నది తేల్చుకోండి. పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) చూడబోయేవారు ఘాంఘరియాలో, సందక్‌ఫూ వెళ్ళేవారు దారిలోని బసల్లో సాధారణంగా కప్పు కిందే పడుకుంటారు. అక్కడ రజాయిలు ఇస్తారు కనుక, లోపల చుట్టుకోవడానికి ఒక లైనర్ ఉంటే పని జరిగిపోతుంది. నేను పాత నూలు చీరను సంచిలా కుట్టించుకున్నాను. పట్టుదైతే ఇంకా తేలికగా, వెచ్చగా ఉంటుంది గానీ, ఇందుకోసం బరంపురం పట్టుచీర ఇమ్మని ఇంట్లో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గుడారమే అయితే స్లీపింగ్ బ్యాగ్ తప్పదు. బొంతలు, కంబళ్ళు ఇంట్లోనే ఉంచండి. అవి మోయలేనంత బరువు, పైగా గుడారంలో పట్టే తేమను పీల్చుకుని మర్నాటికి ఇంకా బరువెక్కుతాయి. బ్యాగ్ తలవైపు ముసుగు ఉండి, కాళ్ళవైపు సన్నబడేదిగా ఉండాలి. నలుచదరపు బ్యాగ్‌లో అటూ ఇటూ దొర్లవచ్చునని కొందరు వాదిస్తారు గానీ, ఆ ఖాళీ చోటునంతా మీ ఒంటి వేడితోనే నింపవలసి వస్తుందని వారు ఆలోచించరు. చలికాలపు పొడి మంచులో ఈకల బ్యాగ్, వానాకాలంలో సింథటిక్ బ్యాగ్ తీసుకోండి; ఈకలు తడిస్తే ముద్దకట్టి వెచ్చదనాన్ని కోల్పోతాయి.

అందరూ బోల్తాపడేది ఆ తర్వాతి మెట్టులో, అంటే బ్యాగ్ మీద రాసిన డిగ్రీలను చదవడంలో.

దుకాణదారు ‘ఇది మైనస్ 15 బ్యాగ్’ అనగానే సంతోషించి డబ్బు కట్టవద్దు. ఐఎస్‌ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్ లేబుల్ మీద వేర్వేరు అంకెలు ఉంటాయి. కంఫర్ట్ అన్నది సగటు స్త్రీ ఒళ్ళు వదులుగా చాపుకుని చలి లేకుండా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అన్నది సగటు పురుషుడు ముడుచుకుని పడుకుంటే ఎలాగో తట్టుకోగల ఉష్ణోగ్రత. ఎక్స్‌ట్రీమ్ అన్నది నిద్రకు సంబంధించిన అంకె కానే కాదు. ఆ చలిలో ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతుంది, ప్రాణాలు దక్కితే చాలుననుకోవలసిన స్థితి అది. పెద్ద అక్షరాలతో కనిపించేది చాలాసార్లు ఈ చివరి అంకే. మీరు స్త్రీ అయినా, పురుషుడైనా, ఎంత చలినైనా తట్టుకుంటానని మిత్రుల దగ్గర గొప్పలు చెప్పుకునేవారైనా, కంఫర్ట్ అంకెను మాత్రమే చూడండి. ఆ మాట లేబుల్ మీద లేని బ్యాగ్‌ను నేను కొనను.

ఇక ఆ అంకె ఎంత ఉండాలో లెక్క వేయాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కేదార్‌కంఠ నడక మొదలయ్యే సాంక్రీ దాదాపు 1,920 మీటర్ల ఎత్తున ఉంది. మీ గుడారం 3,400 మీటర్ల దగ్గర వేస్తారనుకుంటే, సాంక్రీలో రాత్రి 2 డిగ్రీలున్నప్పుడు పైన మైనస్ 7, మైనస్ 8 ఉండవచ్చు. దానికి మరో 5 డిగ్రీల చలి కలుపుకుని, కంఫర్ట్ మైనస్ 12 ఉన్న బ్యాగ్ వెదకండి. మనం సముద్రపు గాలికి, ఉక్కపోతకు అలవాటుపడిన మనుషులమని మరచిపోవద్దు.

ఇంత చేసినా ఆ అంకె ఒక షరతు మీదే నిలుస్తుంది. పరీక్షలో బ్యాగ్‌లో ఉంచే బొమ్మకు పొడవు చేతుల లోదుస్తులు, మేజోళ్ళు తొడిగి, కింద చలి ఆపే మ్యాట్ వేస్తారు. మ్యాట్ లేకపోతే లేబుల్ మీది అంకెకు విలువ లేదు. మా చిన్నాన్న కొడుకు ఖరీదైన ఈకల బ్యాగ్ కొని, కిందికి మాత్రం ఇంట్లో వడ్లు ఎండబోసే టార్పాలిన్ ముక్క తెచ్చుకున్నాడు. అర్ధరాత్రి నన్ను లేపి, ‘అన్నయ్యా, ఛాతీ మీద వెచ్చగానే ఉంది, నడుము గడ్డకట్టిపోతోంది’ అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే బ్యాగ్ పైభాగం పూరీలా పొంగి ఉంది; వీపు కింద మాత్రం ఈకలు అణగిపోయి, రెండు గుడ్డలు అతికినట్టు పలచగా తగిలింది. వెచ్చదనం ఈకల మధ్య నిలిచిన గాలిది కనుక, ఆ గాలి ఒత్తిడికి పోయిన చోట నేల వేడిని లాగేస్తుంది. రెండు రక్‌సాక్‌లు ఖాళీ చేసి వాడి నడుము కింద పరచి ఆ రాత్రి గట్టెక్కించాము.

మ్యాట్ చలిని ఆపే శక్తిని ఆర్-వాల్యూ అంటారు. మామూలు ఫోమ్ మ్యాట్‌కు అది 2 దగ్గర ఉంటుంది, మంచు మీద పడుకోవాలంటే 4 లేదా అంతకంటే ఎక్కువ కావాలి. ఒకదానిపై ఒకటి వేస్తే ఈ విలువలు కూడుకుంటాయి కనుక, రెండు ఫోమ్ మ్యాట్‌లు మోయడమే నా పద్ధతి. గాలి నింపేవి మెత్తగా ఉంటాయి, నిజమే. ఒక్క ముల్లు గుచ్చుకుంటే మీ కింద మిగిలేది ప్లాస్టిక్ కాగితమే. యోగా చాప ఈ పనికి రాదు.

అద్దెకు తీసుకునేవారు దుకాణంలోనే బ్యాగ్‌లో దూరి, జిప్ మూడుసార్లు పైకీ కిందికీ లాగి చూడండి. నాకు ఒకసారి సగంలో విడిపోయే జిప్ అంటగట్టారు. సొంత సామాను ఉన్నవారు జనవరిలో ఒడిశా కొండల్లోని దారింగబాడి వెళ్ళి, గడ్డి మీద మంచు పేరుకునే ఒక రాత్రి గుడారంలో పడుకుని పరీక్షించుకోవచ్చు.

అక్కడికి చేరాక పడుకునే ముందు పొడి మేజోళ్ళు మార్చుకోండి, బెల్లం, వేరుశనగ గింజలు కాసిని తినండి, మూత్రానికి వెళ్ళి రండి. ముఖం మాత్రం బ్యాగ్‌లో దాచుకోవద్దు. ఊపిరిలోని తేమ లోపలి ఈకలను తడుపుతుంది.

ఇంటికి వచ్చాక బ్యాగ్‌ను చిన్న సంచిలో కుక్కి అటక ఎక్కించకండి, మన వానాకాలపు తేమకు బూజు పడుతుంది. నీడలో రెండు రోజులు ఆరబెట్టి, పెద్ద దిండు గలీబులో వదులుగా వేసి, గాలి ఆడే గదిలో తగిలించండి.