కుక్క చెవి పాఠాలు – 3: కడగడం, చుక్కలు వేయడం, మధ్యలో ఆపకపోవడం

కిందటి పాఠంలో చెప్పిన పని చేశారా? రోజూ ఒకే వేళకి కుక్క రెండు చెవులూ ఎత్తి వాసన చూసి, కాగితం మీద రాయమన్నాను. రాయనివాళ్ళు ఇప్పుడే వెళ్ళి ఒకసారి చూసి రండి. పులిసిన పిండి వాసన వస్తోందా, కుళ్ళు వాసనా, అసలేమీ లేదా? ఈ పాఠంలో దానితో పని ఉంది.

ఈసారి నేర్చుకునేది చెవి కడగడం, చుక్కలు వేయడం. దానికి ముందు లోపలి దారి తెలియాలి. మన చెవి గొట్టం దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్కది ముందు కిందికి దిగి, తర్వాత తల లోపలికి అడ్డంగా తిరుగుతుంది. కర్ణభేరి ఆ అడ్డదారి చివర ఉంటుంది. గుబిలి, చెమ్మ చేరేది మలుపులో. ఇయర్ బడ్ పెడితే పైన కనిపించే గుబిలి కాస్త దానికి అంటుకుంటుంది, మిగతాది మలుపులోకి వెళ్ళి గట్టిపడుతుంది. బడ్ మీద మురికి చూసి మనకు తృప్తి, కుక్కకు నొప్పి.

మా టైగర్ లాబ్రడార్. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకి తీసుకెళ్తే నీళ్ళలో దూకకుండా వెనక్కి రాడు. వేలాడే చెవులు, తడి, దానికి తోడు వానాకాలపు ఉక్క. మొదటిసారి చెవి గోక్కుంటూ తల విదిలిస్తుంటే మా అత్తగారు, "ఏటీ కాదు, కొంచెం వెచ్చటి కొబ్బరినూనె ఎయ్యమ్మా, తగ్గిపోద్ది" అన్నారు. ఆవిడది ఉద్దానం, కొబ్బరినూనెతో నయం కానిది లేదని నమ్మకం. వేశాం. రెండు రోజులకి చెవి ఇంకా జిడ్డుగా, నల్లగా అయింది. నూనె, పసుపు, వెల్లుల్లి కాచిన నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, ఇవేవీ చెవిలో వద్దు. అసలే వాచిన చర్మం ఇంకా మండుతుంది, లేదా తడి లోపలే నిలిచిపోతుంది.

కడగడానికి కుక్కల చెవుల కోసం అమ్మే క్లీనరు ఒక సీసా, దూది, పాత తువ్వాలు చాలు. ఇద్దరుంటే మేలు. వంటింట్లో వద్దు, వరండాలోనో పెరట్లోనో పెట్టుకోండి, ఎందుకో మీకే తెలుస్తుంది. సీసాను కాసేపు అరచేతుల్లో పట్టుకుని చల్లదనం పోగొట్టండి. చల్లటి నీళ్ళు చెవిలో పడితే మీరైనా ఉలిక్కిపడతారు.

చెవిరెక్కను పైకి, కొంచెం బయటికి పట్టుకోండి. గొట్టం కాస్త తిన్నగా అవుతుంది. సీసా మూతి చెవికి తగలకుండా ద్రవం పైదాకా కనపడేలా పోయండి. ఇప్పుడు చెవి మొదట్లో, దవడ ఎముక దగ్గర, బొటనవేలితో చూపుడువేలితో పట్టుకుని అర నిమిషం మెల్లగా పిసకండి. పచక్ పచక్‌మని చప్పుడు రావాలి. రాకపోతే ద్రవం చాల్లేదని. తర్వాత వదిలి వెనక్కి తప్పుకోండి. అది తల విదిలిస్తుంది, గోడలకి, మీ బట్టలకి గోధుమరంగు చుక్కలు పడతాయి. అది మంచిదే, లోపలిది బయటికొస్తోంది. చివరికి వేలికి దూది చుట్టి, వేలు ఎంతవరకు వెళ్తే అంతవరకే తుడవండి.

చుక్కల మందు వేయాల్సిన రోజు అయితే కడిగాక పది పదిహేను నిమిషాలు ఆగి వేయండి. మళ్ళీ అదే పిసకడం. వారంలో ఎన్నిసార్లు కడగాలో మీ డాక్టరే చెప్పాలి. ఎక్కువ కడిగినా చర్మం నాని చెడుతుంది.

ఆగాల్సిన సందర్భాలు కొన్నున్నాయి. చెవి ముట్టుకోగానే కుయ్యోమని అరిస్తే, తల ఒక పక్కకే వాల్చి నడుస్తుంటే, తూలుతుంటే, కనుగుడ్లు అటూ ఇటూ కదులుతుంటే, చెవిలో ఏదీ వేయకండి. కర్ణభేరి చిరిగి ఉండొచ్చు, జబ్బు లోపలి చెవిదాకా పాకి ఉండొచ్చు. చిరిగిన చెవిలో జెంటామైసిన్ లాంటి మందులు పడితే వినికిడే పోవచ్చు. అందుకే డాక్టర్ ముందు లైటు పెట్టి లోపలికి చూస్తారు. చెవిరెక్క బూరెలా ఉబ్బితే కూడా చూపించాలి. విదిలించి విదిలించి లోపల రక్తం చేరితే అలా ఉబ్బుతుంది.

ఇప్పుడు నా తప్పు. మొదటిసారి డాక్టర్ రెండు వారాలు వేయమని చుక్కలిచ్చారు. ఐదో రోజుకి వాసన పోయింది, గోకుడు తగ్గింది. "ఇంక నయమైపోయింది" అని ఆపేశాను. మూడు వారాలకి మళ్ళీ మొదలైంది. మిగిలిన సీసా ఫ్రిజ్ తలుపులో కనపడితే అదే వేశాను. మూడోసారి వేరే డాక్టరు దూదిపుల్లతో చెవిలోంచి కాస్త మురికి తీసి, గాజుపలక మీద దొర్లించి, రంగువేసి మైక్రోస్కోపులో పెట్టి నన్ను చూడమన్నారు. అంతకుముందు వచ్చినది మలసీజియా అనే ఈస్ట్ అయి ఉంటుందట. అది వేరుశనక్కాయలాగా నడుం సన్నంగా కనపడుతుంది. ఈసారి చిన్న కడ్డీల్లా బ్యాక్టీరియా ఉంది. అలా కడ్డీలు కనపడితే కల్చర్, అంటే ఆ క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చూడాల్సి రావచ్చు. సూడోమొనాస్ లాంటి కడ్డీ బ్యాక్టీరియాలు చాలా మందులకి లొంగవు, సగం సగం వాడితే ఇంకా మొండికేస్తాయి. పాత సీసా ఏ క్రిమికి ఇచ్చారో, ఇప్పుడు ఉన్నది ఏదో తెలియకుండా చుక్కలు వేయడం గుడ్డి లెక్క.

కాబట్టి డాక్టర్‌ని అడగాల్సిన మాట, "మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలి? అప్పుడు పలక తీసి చూస్తారా?" వాసన పోవడం వేరు, క్రిములు పోవడం వేరు. దగ్గర్లో మైక్రోస్కోపు లేకపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది, అక్కడ అడిగి చూడండి.

అంతా సరిగ్గా చేసినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే చెవిని తిట్టి లాభం లేదు. చెవిలో పురుగులుంటే, గడ్డి గింజ ఇరుక్కుంటే డాక్టరుకు లైటులో కనపడతాయి. కనపడనిది అలర్జీ. చాలా కుక్కల్లో ఒంటి అలర్జీ మొదట చెవిలోనే బయటపడుతుంది. కొన్నింటికి అదొక్కటే గుర్తు. తిండి వల్లనా కాదా తేల్చడానికి కనీసం ఎనిమిది వారాల పథ్యం పెట్టాలి, దానికి ఇంకో పాఠమే కావాలి.

వచ్చే పాఠానికి పని: మీ కుక్క పాదాలు నాకుతోందా, పొట్ట కింద ఎర్రగా ఉందా చూసి రాయండి. ఈ వారం రోజులూ దాని నోట్లోకి వెళ్ళిన ప్రతి ముద్దా రాయండి, చికెన్, పెరుగన్నం, బిస్కెట్, టాబ్లెట్ మింగించడానికి పెట్టిన చీజ్ ముక్కతో సహా. ఇంట్లో అందరినీ విడివిడిగా అడగండి. మా ఇంట్లో ఆ పట్టీలో సగం మా అత్తగారు గుట్టుగా పెట్టినవే తేలాయి.