పిల్లల పత్రికకు వ్యాసమా? ‘పక్షులు’ వద్దు, ఒక్క గిజిగాడు చాలు

పిల్లల పత్రికలకు కథలు పంపేవాళ్లకు కొదవలేదు, వ్యాసాలు పంపేవాళ్లే తక్కువ. చెకుముకి లాంటి సైన్స్ పత్రికకైనా, దినపత్రికల్లో వచ్చే పిల్లల పేజీకైనా కొత్తవాళ్లు అడుగుపెట్టడానికి ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. చిక్కల్లా ఏంటంటే, వ్యాసం అనగానే బళ్లో రాసిన ‘ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు’ గుర్తొచ్చి పెన్ను దానంతటదే అటు వెళ్లిపోతుంది.

ముందు విషయాన్ని చిన్నది చేసుకోండి. ‘పక్షులు’ అంటే పుస్తకం రాయాలి. ‘గిజిగాడు’ అన్నా పొడవు, బరువు, ఆహారం అంటూ మళ్లీ పాఠమే అవుతుంది. ఇప్పుడు ఇలా అడిగి చూడండి: ఒకే తాటిచెట్టుకు కొన్ని గూళ్లు పూర్తయి, కొన్ని మాత్రం బోర్లించిన టోపీల్లా సగంలో ఎందుకు ఆగిపోయాయి? ఎనిమిదేళ్ల పిల్లాడు కూడా చెట్టువైపు తలెత్తి అడగగలిగిన ప్రశ్న ఇది, జవాబూ భలేగా ఉంటుంది. గూడు కట్టేది మగపక్షి. సగం కట్టాక రెక్కలాడిస్తూ ఆడపక్షులను పిలుస్తుంది, అవి వచ్చి లోపలంతా చూసి, నచ్చితేనే జత కడతాయి, ఆ తర్వాతే మిగతా గూడూ, కిందికి వేలాడే గొట్టంలాంటి దారీ పూర్తవుతాయి. నచ్చలేదా, ఆ గూడు చాలాసార్లు అక్కడితో సరి. ఈ సంగతులన్నీ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో బొంబాయి దగ్గరి కిహిమ్‌లో గూళ్ల పక్కనే కాపు కాసి గమనించారు. ఆయన్ని కూడా వ్యాసంలోకి తీసుకురండి, ‘శాస్త్రవేత్తల ప్రకారం’ అనే మాట కంటే పిట్టల కోసం కాపు కాసిన మనిషిని పిల్లలు బాగా గుర్తుపెట్టుకుంటారు.

అంకెలు చెప్పేటప్పుడు పిల్లల చేతిలో ఉన్న వస్తువుతో కొలవండి. గిజిగాడి పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే జామెట్రీ బాక్సులో స్కేలంత. అది చీల్చి తెచ్చే ఆకు పీచు ఒక్కోసారి 60 సెంటీమీటర్లు ఉంటుంది. నాలుగు స్కేళ్లు వరసగా పెట్టి చూసుకోమనండి. ఒక గూటికి 500 సార్ల దాకా తిరుగుతుందన్న మాట అప్పుడు ఊరికే అంకెలా ఉండదు.

విన్నదల్లా రాసేయొద్దు. గూట్లో తడిమట్టి అంటించడం నిజం, దానికి మిణుగురులను అతికించి దీపం పెట్టుకుంటుందన్నది జనం చెప్పుకునే కథ. వాట్సాప్‌లో వచ్చిందని దాన్ని నిజంలా రాస్తే, పిల్లలు మన అచ్చు మాటను పరీక్షలో కూడా రాసేస్తారు! కథను కథగానే చెప్పండి, అదీ వాళ్లకి ఇష్టమే. కనీసం రెండు నమ్మకమైన చోట్ల సరిచూసుకుని, ఎక్కడ చూశారో విడిగా రాసి ఉంచుకోండి, ఎడిటర్ అడిగితే వెతుక్కునే పని ఉండదు.

ఇక ఆఖరి పేరా. ‘కాబట్టి పిల్లలూ, మనం కూడా గిజిగాడిలా కష్టపడాలి’ అని చేయి తనంతట అదే రాసేస్తుంది. కొట్టేయండి. దాని బదులు వానాకాలంలో చెరువుగట్టు మీద తాటిచెట్ల దగ్గర ఏం చూడాలో చెప్పండి: ఎన్ని గూళ్లు పూర్తయ్యాయి, ఎన్ని సగంలో ఉన్నాయి, లెక్కపెట్టమనండి.

రాసింది పైకి చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని విరగ్గొట్టండి (నాలా రాయకండి). నిడివి ఎంత కావాలో పత్రిక పాత సంచికల్లో చూస్తే తెలిసిపోతుంది. యూనికోడ్‌లో టైప్ చేసి, సొంత రచనేననీ ఇంకెక్కడా అచ్చు కాలేదనీ హామీపత్రం జతచేయండి. ఫొటో మీరు తీసిందైతే మేలు, నెట్‌లో దొరికినది వద్దు. వానాకాలం వ్యాసం ఎండాకాలంలోనే పంపండి, మాసపత్రికల పేజీలు చాలా ముందే నిండిపోతాయి.