పెరిగిన సైకస్‌ని చోటు మార్చాలంటే

కడియపులంకలో నర్సరీ పని మాది. ఈమధ్య రావులపాలెం, మండపేట, అమలాపురం వైపు పాత పెంకుటిళ్లు పడగొట్టి డాబాలు కట్టేవాళ్లు ఎక్కువయ్యారు. వాకిట్లో తాతల నాటి సైకస్ (అందానికి పెంచే, కొబ్బరిలా మట్టలుండే చెట్టు) అడ్డమొస్తోంది, పక్కకి మార్చిపెట్టమని పిలుస్తుంటారు. మార్చొచ్చు. నడుమెత్తు చెట్టయినా బతుకుతుంది. అయితే దీన్ని కొబ్బరికి చుట్టమనుకుని నీళ్లు పోస్తే మాత్రం చస్తుంది. చూపుకే పోలిక, జాతి వేరు. కండగల వేళ్లు, తెగిన చోట తడి తగిలితే కుళ్లు పడుతుంది. మన నల్లమట్టిలో చోటు మార్చిన చెట్లు పోయేది దాదాపు అలాగే.

సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు పని పెట్టుకోండి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా వద్దు. భూమి నానిపోయి ఉంటుంది, పైగా తుఫాన్ల కాలం. మొవ్వులో లేత మట్టలు లేస్తుంటే అవి గట్టిపడేదాకా ఆగండి. ఆడచెట్టు గింజలు పట్టి ఉంటే అవి రాలాకే.

తవ్వేముందు మట్టలు కోసెయ్యాలి. వేళ్లు తెగాక అన్ని ఆకులకి నీరందించలేదు. మొవ్వు చుట్టూ ఐదారు ఉంచినా సరే, అన్నీ తీసేసినా సరే. మండపేట దగ్గర ఒక మామ్మగారు చూసి, "ఏంటి బాబూ, గుండు కొట్టించేశావు?" అన్నారు. "మళ్లీ వస్తాయండీ, ఆయ్" అన్నాను. మట్ట మొదట్లో ముళ్లుంటాయి, చేతికి గోనెపట్టా చుట్టుకోండి. కోసిన మట్టలు గేదెల ముందు వెయ్యొద్దు. సైకస్ ఆకూ గింజా రెండూ విషమే. ఎర్రటి గింజలు కుక్కలు కొరికితే ప్రాణం మీదికొస్తుంది, పిల్లలకీ అందనివ్వకండి.

మానుకి తూర్పువైపు సుద్దతో గీత పెట్టండి. కొత్తచోటా ఆ గీత తూర్పుకే ఉండాలి. ఇన్నాళ్లూ నీడలో ఉన్న పక్క ఒక్కసారిగా పడమటెండకి తిరిగితే మాడుతుంది.

మానుకి అడుగు దూరంలో గుండ్రంగా గాడి తీసి, అడుగున్నర లోతు దిగి, కింద నుంచి గునపంతో తప్పించండి. మన మట్టికి జిగురెక్కువ, గడ్డ విడిపోదు. గోనెపట్టా చుట్టి పురికొసతో బిగించండి. పైపొరలో పగడాల్లా గుత్తులు గుత్తులుగా, పైకి తిరిగిన వేళ్లు కనిపిస్తాయి. పురుగు పట్టిందని కోసిపారేసేవాళ్లున్నారు. వాటిని కొయ్యొద్దు. నమ్మకం లేకపోతే ఒక్కటి మాత్రం తుంచి చూడండి, లోపల నీలాకుపచ్చ ఉంగరం ఉంటుంది. అది గాల్లోని నత్రజనిని చెట్టుకి పట్టిపెట్టే నాచు. తెగిన పెద్దవేళ్లని పదునైన కత్తితో నున్నగా చెక్కి, కాపర్ ఆక్సీక్లోరైడ్ (కుళ్లు పట్టకుండా వాడే మందుపొడి) ముద్దలా కలిపి రాయండి. పక్క పిలకలు తీస్తే వాటికీ అంతే. పిలకల్ని మాత్రం వారం పది రోజులు నీడలో ఆరబెట్టి, గాయం ఎండాకే ఇసుకలో గుచ్చండి.

ఎత్తేటప్పుడు మొవ్వు పట్టుకుని లాగొద్దు. గడ్డ కింద నుంచి తాడేసి, వెదురుబొంగుకి కట్టి నలుగురు మొయ్యాలి. ఇంకా పెద్దదైతే చైన్ పుల్లీ పెట్టించండి.

అసలు జాగ్రత్తంతా నాటడంలో ఉంది. జిగురునేలలో గొయ్యి తీసి, మెత్తగా ఉంటుందని ఇసుక నింపుతారు. వానొస్తే చుట్టుపక్కల నీరంతా ఆ ఇసుకలోకే దిగి, బయటికి దారిలేక బావైపోతుంది. అందుకే మెరక చెయ్యండి. ఐదారడుగుల వెడల్పున అడుగున్నర ఎత్తు దిబ్బ: రెండు పాళ్లు బొండు ఇసుక (ముతక ఇసుక), ఒక పాలు లంకమట్టి. గడ్డ ఆ దిబ్బలోనే కూర్చోవాలి. మాను పాతచోట ఎంత లోతున ఉందో అంతే, వేలెడు పైకున్నా పర్వాలేదు, కిందికి మాత్రం వద్దు. పశువుల ఎరువు వెయ్యొద్దు. మూడువైపులా కర్రలు ఊతమివ్వండి. మట్టి సర్దుకునేలా ఒకసారి నిండుగా నీళ్లు పోసి, ఆపైన వేలు గుచ్చి చూసి, రెండంగుళాల లోతున పొడిగా ఉంటేనే పొయ్యండి. ఎండాకాలంలోనూ వారానికోసారి చాలు. మొవ్వులో నీరు పడనివ్వకండి. అందరికీ టెన్షన్ ఇక్కడే. నెలల తరబడి చలనం ఉండదు, ఒక్కోసారి ఏడాది పట్టొచ్చు. పైకి లాగి వేళ్లొచ్చాయా అని చూడొద్దు. మానుని బొటనవేలితో నొక్కండి, రాయిలా ఉంటే బతికే ఉన్నట్టు. మెత్తబడి కంపుకొడితే కుళ్లు దిగింది. తెల్లటి శుభ్రమైన కండ వచ్చేదాకా చెక్కి, మందు రాసి, ఆరబెట్టి మళ్లీ ఇసుకలో నిలబెడితే కొన్ని కోలుకుంటాయి.

చుట్టలు చుట్టుకుని కొత్తమట్టలు లేచిన వారం మాత్రం రోజూ దగ్గరికెళ్లి చూడండి. చిన్న నీలిరంగు సీతాకోకచిలుక ఆ లేతాకు మీదే గుడ్లు పెడుతుంది. మట్టల మీద చీమలు తిరుగుతున్నాయంటే కింద ఆకుపచ్చ గొంగళిపురుగులున్నట్టే, అవి విడిచే తీపిచుక్క కోసం చీమలు కాపలా కాస్తాయి. నాలుగు రోజుల్లో ఈనెలే మిగులుతాయి, మళ్లీ చిగురు కోసం మీరు ఎంతకాలం చూడాలో చెప్పలేం. లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యండి. లేదంటే పాత దోమతెర కప్పెయ్యండి, మందుకన్నా అదే నయం. ఆ మట్టలు ముదిరాక దిబ్బ చుట్టూ గుప్పెడు వేపపిండి చల్లొచ్చు.