రక్తపరీక్ష రిపోర్టును నెట్‌లో చదివి అర్థం చేసుకోవడం ఎలా?

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో రక్తపరీక్ష చేయించుకున్నవారు రిపోర్టులోని పరీక్ష పేరును ఉన్నదున్నట్లుగా, ‘హెచ్‌బీఏ1సీ’ అని ఉంటే ఆ అక్షరాలనే, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్ వెబ్‌సైటులో వెతకాలి. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను ఆ పరీక్ష చెబుతుందనీ, 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారనీ, రక్తహీనత వంటివి ఉన్నప్పుడు ఆ అంకె తప్పుదోవ పట్టించవచ్చనీ అక్కడ తెలుస్తుంది. ఈ చివరి విషయాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఇంగ్లిషు ఇబ్బందైతే భారత ప్రభుత్వ వెబ్‌సైటు వికాస్‌పీడియాలో ఆరోగ్య విభాగం తెలుగులోనే ఉంది. ఏ పేజీనైనా ఎవరు రాశారో, చివరిసారి ఎప్పుడు సవరించారో చూడాలి. మందు అమ్ముకునేవారు రాసినదైతే పక్కన పెట్టాలి. అర్థంకాని మాటలను కాగితం మీద రాసుకుని డాక్టరుగారిని అడగాలే తప్ప, అంకె చూసి మాత్రల మోతాదును సొంతంగా మార్చుకోకూడదు.