ఆపరేషన్ తర్వాత కుందేలు బొచ్చు రంగు మారిందా? ముందు వేళ్లతో విడదీసి చూడండి

మా దూది కాలిఫోర్నియన్ జాతి ఆడ కుందేలు. ఒళ్లంతా తెలుపు, చెవులు, ముక్కు, పాదాలు, తోక నలుపు. పోయిన చలికాలంలో దానికి గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించాం. పొట్ట మీద అరచేయంత మేర బొచ్చు గీసేశారు. కుట్లు చక్కగా మానాయి. కానీ కొన్ని వారాలకు గీసిన చోట తెల్లబొచ్చుకు బదులు పొగ రంగు బొచ్చు మొలిచింది. లోపల ఏదో కుళ్లుతోందేమోనని రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "మీ ఇంట్లో నేల నాపరాయా అమ్మా?"

అవును. గుంటూరు బ్రాడీపేటలో మాది పాత ఇల్లు, గదులన్నీ నాపరాళ్లే. దూది రోజంతా గీసిన పొట్ట ఆ రాయికి ఆనించి పడుకునేది. కారణం అదే.

నాలా ఎవరూ కంగారు పడకూడదని ఇది రాస్తున్నాను.

మొదట చేయాల్సిన పని

వెలుతురులో కుందేలును ఒళ్లో పెట్టుకుని, రంగు మారిన చోట బొచ్చును రెండు వేళ్లతో మెల్లగా విడదీయండి. దాన్ని వెల్లకిలా తిప్పి పట్టుకోవద్దు, బెదిరిపోతుంది. ఇంకొకరు ముందుకాళ్ల కింద చేయి వేసి కాస్త ఎత్తితే పొట్ట కనిపిస్తుంది. రంగు వెంట్రుకలో ఉందా, చర్మంలో ఉందా, లేక పైన అంటుకున్న మరకా? వెంట్రుకలోనే ఉంటే దాదాపు ఎప్పుడూ భయం లేదు. చర్మంలో ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

తెల్లబొచ్చు గీసిన చోట నలుపు లేదా బూడిద రంగు మొలిచింది

ఇది కాలిఫోర్నియన్, హిమాలయన్ లాంటి, చెవులూ ముక్కూ నల్లగా ఉండే కుందేళ్లలో జరుగుతుంది. వీటి బొచ్చుకు నలుపు తెచ్చే ఎంజైమ్ టైరోసినేజ్. ఈ జాతుల్లో అది ఒంటి వేడికి పనిచేయదు, చల్లగా ఉన్న చోటే పనిచేస్తుంది. కుందేలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చెవులు, పాదాలు, ముక్కు అంతకంటే చల్లగా ఉంటాయి కాబట్టి అవి నల్లబడతాయి. హిమాలయన్ కుందేలు వీపు మీద బొచ్చు గీసి, అక్కడ మంచుగడ్డ కట్టి ఉంచితే నల్లబొచ్చు మొలుస్తుందని జీవశాస్త్రం పాఠాల్లో చెబుతారు. ఆపరేషన్‌కు బొచ్చు గీసినప్పుడు జరిగేదీ అదే. కప్పి ఉంచే బొచ్చు పోయింది, చర్మం చల్లబడింది, కొత్త వెంట్రుక నల్లగా వచ్చింది.

మన దగ్గర నాపరాయి, మార్బుల్, ఏసీ గది, ఎండాకాలంలో పంజరంలో పెట్టే ఐస్ బాటిల్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

పరిష్కారం: మందు అక్కర్లేదు. కుట్లు మానేదాకా పాత కాటన్ చీర నాలుగు మడతలు వేసి పరవండి, ఐస్ బాటిల్‌కు గుడ్డ చుట్టండి. ఒకసారి నల్లగా మొలిచిన వెంట్రుక మళ్లీ తెల్లబడదు. అది రాలి, వెచ్చగా ఉన్న చర్మం నుంచి కొత్తది వస్తే తెల్లగా వస్తుంది. కుందేలు ఏడాదికి సుమారు రెండుసార్లు ఎక్కువగా బొచ్చు మారుస్తుంది, అందాకా ఆగాలి. ఉగాది నాటికి దూది పొట్ట మీద తెల్లబొచ్చు మళ్లీ కనిపించింది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. రంగు మారుతుందని ఎండాకాలంలో చల్లదనం తగ్గించకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. కుందేలు మనలా చెమట పట్టి చల్లబడలేదు, వడదెబ్బకు ప్రాణం పోతుంది. పొట్ట నల్లబడితే ఏమీ కాదు.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. చెవి మీదో కాలి మీదో ఆపరేషన్ చేసి కట్టు కట్టినా, వాపుతో ఆ చోటు వేడెక్కినా, నల్లగా ఉండాల్సిన చోట తెల్లబొచ్చు రావచ్చు. సయామీ పిల్లుల్లోనూ ఇంతే. వాపు లేకపోతే వదిలేయండి.

గోధుమ రంగు కుందేలు గీసిన చోట బూడిద రంగులో ఉంది

అడవి కుందేలు రంగు వాటికి, చించిల్లా రంగు వాటికి ఒక్కో వెంట్రుకలోనే రెండు మూడు రంగుల పట్టీలు ఉంటాయి. బొచ్చు గీసే మిషన్ వెంట్రుక పై భాగాన్ని కోసేస్తే అడుగున ఉన్న బూడిద రంగు బయటపడుతుంది. పెరిగితే సర్దుకుంటుంది.

చర్మం మీద నల్లటి, నీలపు మచ్చలు

ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇదే. ముదురు రంగు కుందేళ్లలో కొత్త బొచ్చు మొలిచేముందు రంగంతా వెంట్రుకల కుదుళ్లలో ఉంటుంది. చర్మం ద్వీపాల్లా అక్కడక్కడ నల్లగా, కాస్త మందంగా కనిపిస్తుంది. నొక్కితే నొప్పి ఉండదు, కొద్ది రోజుల్లో అక్కడే బొచ్చు దట్టంగా వస్తుంది. కుట్ల పక్కన ఊదా రంగులో ఉంటే అది కమిలిన గాయం. పచ్చగా, పసుపుగా మారుతూ ఒకటి రెండు వారాల్లో పోతుంది.

కానీ చర్మం తోలులా గట్టిపడి, చల్లగా, నల్లగా ఉన్నా, దుర్వాసన వచ్చినా, ఎర్రగా వాచినా, పెరుగులా చిక్కటి చీము ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కుందేలు చీము నీళ్లలా కారదు, గడ్డలా ఉంటుంది. అందుకే చాలామంది గమనించరు. ఎండాకాలంలో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి, కుట్లను రోజుకు రెండుసార్లు చూడండి.

తెల్ల కుందేలు మీద పసుపు, ఎరుపు, ఊదా

ఒళ్లంతా తెలుపు, కళ్లు ఎరుపు, చెవులు కూడా తెల్లగా ఉండే కుందేలుకు అసలు నల్ల రంగు తయారుచేసే శక్తే లేదు. దాని బొచ్చులో రంగు కనిపిస్తే మరకే. గాయాలకు పూసే మందుల్లో బీటాడిన్ గోధుమ రంగు, జెన్షన్ వయొలెట్ ఊదా రంగు వదులుతాయి. వాటంతటవే పోతాయి. స్పిరిట్‌తో తుడవద్దు, స్నానం అసలే వద్దు. మూత్రం మరక అయితే గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన దూదితో కుట్లకు తగలకుండా అద్ది, వెంటనే ఆరబెట్టండి. ఆకుకూరలు తింటే కుందేలు మూత్రం ఎర్రగానూ వస్తుంది. అయితే నెత్తుటి చారలు, గడ్డలు ఉంటే పరీక్ష చేయించాలి.

కుట్టు గీత వెంట తెల్ల వెంట్రుకలు

కోత పడ్డ చోట కుదుళ్లలో రంగు కణాలు దెబ్బతింటే వెంట్రుక తెల్లగా వస్తుంది. సాధారణంగా అలాగే ఉండిపోతుంది, నొప్పేమీ ఉండదు.

రంగు బాగానే ఉన్నా పరుగెత్తాల్సిన లక్షణం

ఆపరేషన్ అయ్యాక 10, 12 గంటలు కుందేలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా పేగులు ఆగిపోతున్నాయని అర్థం. తెల్లారేదాకా ఆగవద్దు. కుందేళ్లను చూసే డాక్టరు ఎవరో, రాత్రిపూట దొరుకుతారో లేదో ఆపరేషన్‌కు ముందే కనుక్కుని పెట్టుకోండి. విజయవాడ వైపు వాళ్లకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ వేళలు అడిగి ఉంచుకోండి. నేను ఆ రెండు రాత్రులు పొట్ట మీద రంగు చూస్తూ కూర్చున్నాను. చూడాల్సింది దూది ముందున్న గడ్డి తగ్గుతోందా, ట్రేలో పెంటికలు పడుతున్నాయా అన్నది.