బత్తాయి రసంతో పిల్లలు చేసే క్రిస్మస్ కేక్

క్రిస్మస్ కేక్‌లో వేసే కిస్మిస్‌లు నానబెట్టడానికి మన నల్లగొండ బత్తాయిని మించింది లేదని నా నమ్మకం. డిసెంబర్‌లో అక్క పిల్లలిద్దరూ ఇంటికి రాగానే ముందు రసమే తీయిస్తాను. మిక్సీ వద్దు. గింజలు నలిగినా, తెల్లపొర పడినా చేదెక్కుతుంది. తొనలు ఒలిచి చేత్తో పిండమనండి. పిండిన రసం ఎక్కువసేపు నిలవున్నా చేదే, కాబట్టి రాత్రంతా నానబెట్టకండి. కిస్మిస్, ఖర్జూరం ముక్కలు, టూటీ ఫ్రూటీ కలిపి 150 గ్రాములకు అరకప్పు రసం, రెండు గంటలు చాలు. మిగిలిన రసం పిల్లలు తాగేస్తారు, తాగనివ్వండి.

పాకం మాత్రం పెద్దవాళ్ల పని. నాలుగు చెంచాల చక్కెర ముదురు గోధుమరంగుకు కరిగాక పావుకప్పు వేడినీళ్లు పోస్తే భగ్గున చిమ్ముతుంది. ఆ కాసేపు పిల్లలు వంటింట్లో ఉండకూడదు. పాకం పూర్తిగా చల్లారాలి.

చలికి వెన్న గట్టిపడుతుంది, వెన్నా గుడ్లూ పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి తీసిపెట్టండి. 100 గ్రాముల వెన్న, అంతే చక్కెర పొడి తెల్లగా నురుగొచ్చేదాకా పెద్దపిల్ల గిలక్కొడుతుంది. రెండు గుడ్లను ఒక్కొక్కటి వేరే కప్పులో కొట్టించండి, పెంకు పడితే తీసేయొచ్చు, ఆ తర్వాత వెన్నలో కలపండి. "చిన్నమ్మా, నేను కొడతా" అని చిన్నోడు ముందుకొస్తే ఆపకండి. పచ్చి గుడ్డు కదా, పిండి నాకనివ్వకండి, చేతులు సబ్బుతో కడిగించండి.

130 గ్రాముల మైదా, చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క, యాలకులు, లవంగాల పొడి అరచెంచా కలిపి జల్లించండి. రసం వంపేసిన పండ్లకు ఇందులోంచే చెంచాడు పిండి పట్టించండి, అప్పుడు అడుక్కి దిగిపోవు. ఇక పాకం, మైదా, పండ్లు వేసి మెల్లగా కలపడమే. ఎక్కువ కలిపితే కేక్ గట్టిపడుతుంది.

మా ఇంట్లో ఓవెన్ లేదు. మందపాటి గంజులో దొడ్డుప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడిచేస్తాను. వెన్న రాసిన ఆరు అంగుళాల గిన్నెలో పిండి పోసి అందులో పెట్టి, సన్నమంట మీద దాదాపు గంట ఉంచుతాను. ముప్పావుగంట దాకా మూత తీయొద్దు, పిల్లలు ఎంత అడిగినా సరే. తర్వాత పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

వేడిమీద కోస్తే పొడిపొడిగా రాలుతుంది. మేం 23న చేసి, 24 రాత్రి ప్రార్థన అయ్యాక కోస్తాం. రోజు ఆగితే మసాలా వాసన బాగా పడుతుంది. మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టి, మూడు రోజుల్లో తినేయండి.