కరాటే డ్రెస్, బెల్టు: కొనడం, కట్టడం, ఉతకడం

డ్రెస్ సైజు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి చూడాలి. నంబర్లు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి సెంటీమీటర్లే అడగండి. పెరిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్దది కొంటే చేతులు మడతపెట్టాల్సి వస్తుంది, ప్రపంచ కరాటే ఫెడరేషన్ పోటీల్లో మడతలు కుదరవు. అక్కడి కొలతలు ఇవి: చేతులు మణికట్టు దాటకూడదు, ముంజేతిలో సగానికి పైకీ పోకూడదు. ప్యాంటు పిక్కలో మూడింట రెండొంతులు కప్పాలి, చీలమండ ఎముక దిగకూడదు. కోటు తుంటిని కప్పాలి, తొడలో ముప్పావు దాటకూడదు. నూలు బట్ట మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది, ఆ మేరకు ఒక్క సైజు పెద్దది చాలు.

బట్ట మందం చదరపు గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు. 8 ఔన్సులంటే చదరపు మీటరుకు సుమారు 270 గ్రాములు. కొత్తగా చేరినవాళ్లకు, మన ఎండలకు ఇదే హాయి. 12, 14 ఔన్సులది కతా (ఒంటరిగా, వరుస కదలికలతో చేసే ప్రదర్శన) చేసేవాళ్లు కోరుకుంటారు: బిగువుగా నిలుస్తుంది, గుద్దు విసిరితే కోటు చేయి టప్‌మని మోగుతుంది. ఆ మోతకు ముచ్చటపడి మే నెల సాధనకు కొంటే చెమటకు తడిసి మోయలేని బరువవుతుంది.

ఈ దుస్తులు కరాటేతో పుట్టినవి కావు. కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో మామూలు బట్టలతోనే సాధన చేసేవారు. 1882లో కానో జిగోరో స్థాపించిన కొదోకాన్ జూడో బడిలో 1922లో ఒకినావా కరాటే గురువు ఫునకోషి గిచిన్ ప్రదర్శన ఇచ్చినప్పుడు జూడో డ్రెస్ నమూనాలో తయారైనది వేసుకున్నారు. జూడోలో కాలర్ పట్టి లాగుతారు కాబట్టి మందపు నేత కావాలి. కరాటేలో తన్నులు, గుద్దులే ఎక్కువ కాబట్టి బట్ట పలచబడింది, పక్కల చీలికలు వచ్చాయి. నల్ల బెల్టూ జూడో నుంచే: కానో దాన్ని 1880లలో మొదలుపెడితే, ఫునకోషి 1924లో తన శిష్యులకిచ్చారు. తెల్ల బెల్టు మురికిపట్టి నల్లబడిందన్న కథ అందంగా ఉంటుంది, అంతే.

ఇక వేసుకోవడం. ప్యాంటు బొందు ముందువైపు గట్టిగా కట్టండి. కోటు కుడి అంచును లోపలికి వేసి, దాని తాడును ఎడమ పక్కన ముడేయాలి. ఎడమ అంచు పైకి రావాలి, దాని తాడు కుడి పక్కన. జపాన్‌లో కుడి అంచు పైకి వేసేది శవానికే, అందుకే తారుమారైతే గురువులు ఊరుకోరు.

బెల్టు మధ్యభాగం బొడ్డు దగ్గర పెట్టి, రెండు కొనలూ వెనక్కి తిప్పి ముందుకు తెచ్చి సమానంగా ఉన్నాయో చూడండి. ఎడమ కొనను కుడి దాని మీదుగా వేసి, రెండు పొరల కిందుగా దూర్చి పైకి లాగాలి. ఆ కొన ఇప్పుడు కుడివైపు ఉంటుంది. కింద మిగిలిన కొనను ఎడమకు మలిచి, పైకొనను దాని మీదుగా దించి, వెనక నుంచి తిప్పి, రెంటి మధ్య సందులోంచి బయటికి లాగి బిగించాలి. కొనలు రెండూ అడ్డంగా పక్కలకు నిలిస్తే ముడి సరైంది. ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తుంటే రెండో మెలిక తిరగబడిందన్నమాట, పది తన్నులకే ఊడుతుంది. పోటీ నిబంధన ప్రకారం ముడి దాటి రెండువైపులా కనీసం 15 సెంటీమీటర్లు మిగలాలి. కొనేముందు ఇంట్లో తాడును ఇలాగే రెండు చుట్లు చుట్టి, ముడేసి, విప్పి కొలుచుకోండి.

రంగు బెల్టులు ముందే కొనిపెట్టకండి, రంగుల వరుస కరాటే శైలిని బట్టి మారుతుంది. కుమితే (ఇద్దరు తలపడే) పోటీలో మాత్రం సొంత రంగు పనికిరాదు: ఒకరికి ఎరుపు, మరొకరికి నీలం.

డ్రెస్సు సాధన అయిన రోజే చన్నీళ్లలో ఉతకండి. చెమటతో సంచిలో వదిలేస్తే వానాకాలంలో నల్లటి బూజు మచ్చలు పడతాయి, అవి పోవు. బ్లీచింగు వాడితే నూలు పోగులు బలహీనపడి, కాళ్ల మధ్య కుట్టు దగ్గర ముందుగా చిరుగుతుంది. గంజి పెట్టే అలవాటున్నవాళ్లు కాలర్‌కు మాత్రం పెట్టకండి, మెడ ఒరుసుకుపోతుంది. రంగు బెల్టును డ్రెస్సుతో కలిపి ఉతికితే తెల్లకోటు గులాబీ రంగుకు తిరుగుతుంది. బెల్టును విడిగా తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరేయండి.